జబ్బు తగ్గింది, ఊళ్లో నిలబడే దారి ఏది? దేవరకొండ పల్లె నుంచి ఒక ప్రశ్న

ప్రశ్న: దేవరకొండ అన్న

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండ దగ్గరి పల్లె. మా తమ్ముడికి 31 ఏళ్లు. ఐదేళ్ల కిందట హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయినప్పుడు అతనికి ఎవరూ లేనిచోట మాటలు వినపడటం, తోటివాళ్లు తన అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానం రావడం మొదలయ్యాయి. తెలియక ఏడాదిన్నర పోగొట్టుకున్నాం. గాలి సోకిందని ఒకరు, బాణామతి అని మరొకరు చెబితే తాయెత్తులు కట్టించాం, కోళ్లు కోశాం. ఒకసారి చేతులు కట్టేసి ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయాం. ఆ చేతులు కట్టినవాణ్ని నేనే. ఆ తరవాత సర్కారు దవాఖానాలో చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నారు. మందులు పనిచేశాయి. రెండేళ్లుగా ఆ మాటలు వినపడటం లేదు. వేళకు తింటాడు, నిద్రపోతాడు, బర్రెను చూసుకుంటాడు.

నేను అడగదలచుకున్నది జబ్బు గురించి కాదు, జబ్బు తగ్గాక మాకు ఎదురవుతున్న దాని గురించి. ఊళ్లో అతని పేరు పోయి పిచ్చోడన్న మాటే పేరుగా మిగిలింది. పత్తి ఏరడానికి కూలీలు దొరక్క పక్క మండలం నుంచి ఆటోల్లో తెచ్చుకుంటున్న రోజుల్లో కూడా అతణ్ని పిలిచేవారు లేరు. పెళ్లి పిలుపు మా ఇంటికీ వస్తుంది, కానీ తమ్ముణ్ని ఇంటి దగ్గర ఉంచి రమ్మన్న మాట దాని వెంటే వస్తుంది. మందుల కోసం నెలకోసారి నల్లగొండ పోవాలి. మా అమ్మకు బస్సు ఉచితమే గాని అతనికి టికెట్టు పెట్టాలి, ఇద్దరికీ ఆ రోజంతా పోతుంది. ఒక్కోసారి రాసిన రెండు మందుల్లో ఒకటే ఉంటుంది, రెండోది బయట కొనుక్కోవాలి. మొన్న శ్రావణంలో కొనలేక ఆపితే వారం తిరగకముందే అతనికి నిద్ర పట్టడం మానేసింది.

ఇప్పుడు ఊరి పెద్దమనిషి ఒకరు, ఎక్కడో ఆశ్రమం లాంటిది ఉందనీ, ఏకమొత్తంగా కొంత డబ్బు కడితే జీవితాంతం ఉంచుకుంటారనీ చెప్పి వెళ్లారు. ఆ రాత్రి మా అమ్మ అన్నం తినలేదు. కోలుకున్న మనిషి సొంత ఊళ్లోనే బతకడానికి ప్రభుత్వాన్ని మేము హక్కుగా అడగగలిగినవి ఏమున్నాయి? ఊరి మనసు మార్చడానికి ఎవరైనా ఏమైనా చేసి చూశారా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: నాగర్‌కర్నూల్ విశ్రాంత ఉద్యోగి

అయ్యా, నేను పాలమూరు పల్లెల్లో ముప్ఫై ఏళ్లు ఆరోగ్యశాఖలో క్షేత్రస్థాయి ఉద్యోగం చేసి విరమించినవాణ్ని. ముందు మందు ఆగిన సంగతి చెప్పుకుందాం. మిగతావన్నీ దానిమీదే నిలబడతాయి.

క్షయ మందు ఇంటి గడపకు వస్తుంది, రోగి వేసుకున్నాడో లేదో ఆశా కార్యకర్త వచ్చి చూస్తుంది. రక్తపోటు, చక్కెర జబ్బు బిళ్లలు ఊళ్లోనే అందుతున్నాయి. ఏళ్ల తరబడి తప్పకుండా వాడవలసిన మానసిక రోగి మందు మాత్రం జిల్లా కేంద్రం దాటి కిందికి సరిగా దిగలేదు. ఇలా దిగాలన్న ఆలోచన కొత్తది కాదు. 1982లోనే జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మన గద్వాలకు తుంగభద్ర అవతల ఎంతో దూరం లేని బళ్లారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ శిక్షణ ఇచ్చి, ఈ జబ్బులను పల్లెలోనే చూడవచ్చునని నిరూపించింది. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. నా ఉద్యోగకాలంలో మలేరియాకు, కుష్ఠుకు, కాన్పులకు, టీకాలకు వేరువేరు రిజిస్టర్లు రాశాను గాని, మనసు జబ్బుకు ఏ రిజిస్టరులోనూ ఒక గడి కూడా నేను చూడలేదు. 2015–16లో దేశంలో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో కూడా తెలంగాణ లేదు. లెక్కలో లేని రోగికి మందు పంపమని పైకి ఇండెంటు పెట్టేవారు ఉండరు, అందుకే ఈ మాట ఇంత వివరంగా చెబుతున్నాను.

మీరు చేయగలిగింది ఒకటుంది. నల్లగొండలో చూసే మానసిక వైద్యుణ్ని మీ తమ్ముడి జబ్బు, మందుల పేర్లు, మోతాదు స్పష్టంగా ఒక ఉత్తరంలో రాసి ఇమ్మని అడగండి. ఆ ఉత్తరంతో దేవరకొండ సర్కారు ఆస్పత్రి బాధ్యులకు, జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి దరఖాస్తు పెట్టి, ఈ మందులు దేవరకొండలోనే ఇప్పించాలని కోరండి. మీ చుట్టుపక్కల ఇటువంటి కుటుంబాలు తప్పకుండా ఉంటాయి, నలుగురు కలిసి సంతకం పెడితే ఇండెంటు పెట్టడానికి వారికీ ఒక ఆధారం దొరుకుతుంది. బిళ్లలకు బదులు నెలకోసారి వేసే సూది మందు మీ తమ్ముడికి సరిపడుతుందేమో వైద్యుణ్ని అడగండి. అందరికీ అది నప్పదు, అడగడంలో తప్పు లేదు. మందు దొరకని రోజున, నిద్ర చెడిన రోజున 14416కు ఫోను చేయండి. మనసు జబ్బులకు ఫోనులో సాయం చేసే సర్కారు సేవ అది, పేరు టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

ఒక మాట ఇక్కడే అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. తమ్ముడికి కల్లు అలవాటు ఉందా? మన దక్షిణ జిల్లాల్లో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు. రోజూ దానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు, మతి తప్పి మాట్లాడటం వస్తాయి. ఊళ్లో దాన్నీ పిచ్చి అనే అంటారు. అలవాటు ఉంటే వైద్యుడికి దాచకుండా చెప్పాలి, మానడం కూడా వైద్యుడి పర్యవేక్షణలోనే కొద్దికొద్దిగా జరగాలి.

ఊరి మనసు గురించి నాకు తెలిసిన ఉదాహరణ ఒక్కటే, అది కుష్ఠు. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం వచ్చినప్పుడు మేము గోడలమీద రాతలు రాశాం, పాటలు పాడించాం. జనం చదివారు, విన్నారు, అంతకంటే ఏమీ జరగలేదు. మా పై అధికారి ఒకరు మాకు ఒక పద్ధతి నేర్పారు. కుష్ఠు రోగి ఇంటికి పోయినప్పుడు అరుగుమీద కూర్చుని మంచినీళ్లు అడిగి, నలుగురూ చూస్తుండగా తాగాలి. నెలనెలా అలా తాగాం. ఏడాది తిరిగేసరికి పక్కింటివారు ఆ గడపలోకి రావడం మొదలైంది. మీ ఊళ్లో ఆశా కార్యకర్తనో, పల్లె దవాఖానా సిబ్బందినో వారానికోసారి మీ ఇంట్లో కూర్చుని టీ తాగమని అడగండి. మందు సంగతి మాట్లాడకపోయినా ఫరవాలేదు.

జవాబు 2: మహబూబ్‌నగర్ న్యాయవాది

అన్న గారూ, పై పెద్దలు చెప్పిన మందుల సంగతికి చట్టంలో గట్టి పునాది ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమలులో ఉంది. దాని సెక్షన్ 18 ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం అందుబాటులో ఉండటం ప్రతి వ్యక్తి హక్కు. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మానసిక రోగ మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయి నుంచి పై ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో ఎప్పుడూ ఉచితంగా ఉండాలని అదే సెక్షన్ చెబుతుంది. మీ దరఖాస్తులో ఈ సెక్షన్ నంబరు రాయండి.

ఆశ్రమం మాట మాత్రం వెంటనే పక్కన పెట్టండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా పరిసరాల్లోని ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగితే, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. వారిని అక్కడ దింపిపోయింది శత్రువులు కాదు, అలసిపోయిన కుటుంబాలు. అందుకే ఈ చట్టం సెక్షన్ 95లో ఏ రూపంలోనైనా గొలుసులు వేయడాన్ని నిషేధించింది. మానసిక రోగులను ఉంచుకుని చూసే ఏ సంస్థ అయినా రిజిస్టరు చేయించుకోవాలని సెక్షన్ 65 నిర్దేశించింది. సెక్షన్ 19 ప్రకారం సమాజంలో కలిసి బతకడం, వేరుచేయబడకుండా ఉండటం మీ తమ్ముడి హక్కు. ఇల్లు లేదనో, కుటుంబం వద్దనుకుందనో కారణంగా ఎవరినీ ఆస్పత్రిలో పెట్టి ఉంచకూడదు. పెద్దమనిషి మళ్లీ వస్తే ఇది గౌరవంగానే చెప్పండి. ఆయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు, మరో దారి ఉందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

మీ ప్రశ్నలో చేతులు కట్టిన సంగతి చదివి నేను కొంతసేపు ఆగిపోయాను. దానికి సంబంధించిన ఏర్పాటు ఒకటి ఈ చట్టంలో ఉంది. మన ప్రాంతంలో దాన్ని వాడుకున్నవారిని నేను వేళ్లమీద లెక్కపెట్టగలను. మనిషి బాగున్న రోజుల్లో, మళ్లీ జబ్బు తిరగబెడితే తనను ఎలా చూడాలో, ఎలా చూడకూడదో తానే ముందుగా రాసిపెట్టుకోవచ్చు. సెక్షన్ 5 దీన్ని ముందస్తు ఆదేశం అంటుంది. ఏ మందు తనకు పడింది, ఏ మందుకు నాలుక మడతపడింది, మొదట ఎవరికి ఫోను చేయాలి, ఎవరు తన వెంట రావాలి, ఇవన్నీ అందులో ఉండవచ్చు. అత్యవసర చికిత్సకు అది అడ్డు రాదు గాని, మిగతా వేళల్లో వైద్యులు దాన్ని పాటించవలసి ఉంటుంది. దీనికి నిర్ణీత పద్ధతి ఉంది, నేను సాయం చేస్తాను. అలాగే సెక్షన్ 14 కింద తన తరఫున మాట్లాడే ప్రతినిధిని అతనే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. ఇవి పొలం కాగితాలంత ముఖ్యమైనవని నా నమ్మకం. అన్నట్టు, జబ్బు ఉందన్న ఒక్క కారణంతో మనిషిని మతిస్థిమితం లేనివాడిగా లెక్కకట్టకూడదని సెక్షన్ 3 చెబుతుంది, కాబట్టి భూమి పంపకాల్లో అతని సంతకం అక్కర్లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

పింఛను సంగతి కొంచెం చిక్కైనది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అస్వస్థత ఒకటి. వైకల్యం శాతం తేల్చే ప్రభుత్వ వైద్య శిబిరంలో 40 శాతం, అంతకు మించి వైకల్యం తేలితే పింఛనుకు అర్హత వస్తుంది. మన రాష్ట్రంలో 2023లో దాన్ని నెలకు 3016 నుంచి 4016 రూపాయలకు పెంచారు. మానసిక అస్వస్థతకు శాతం కట్టేటప్పుడు తనను తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, మాట అర్థం చేసుకుని చెప్పడం, పని చేయడం అనే నాలుగింటిని, జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదాన్ని చూస్తారు. చిక్కు ఇక్కడే వస్తుంది. మనిషి కోలుకునే కొద్దీ శాతం తగ్గుతుంది, పింఛను పోతుందన్న భయంతో కొందరు పనికి పోవడమే మానుకుంటారు. చేతకానితనానికి డబ్బిచ్చే విధానం మనకు ఉంది గాని, చేతనవుతున్న మనిషికి ఊతమిచ్చే విధానం లేదు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అంతవరకు ఉన్నది ఉన్నట్టు వైద్యుడికి చెప్పి దరఖాస్తు చేయండి. ఏ కార్యాలయంలోనైనా తిప్పలు పెడితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. దివ్యాంగులకు అక్కడ న్యాయసాయం ఉచితం.

జవాబు 3: మిర్యాలగూడ వాసి

అన్నా, నేను ఈ జబ్బుల లోపలినుంచి వచ్చినవాణ్ని. నాది బైపోలార్, కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు లేవలేని దిగులు వచ్చే జబ్బు. ఏడేళ్లుగా దానికి లిథియం మందు వాడుతున్నాను, రక్తపరీక్షలు చేయించుకుంటాను, ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అందులో మీ అమ్మ బాధ ఉంది, మీ పశ్చాత్తాపం ఉంది, పెద్దమనిషి సలహా ఉంది. మీ తమ్ముడి మాట ఒక్కటీ లేదు. అతనికి పత్తి ఏరాలని ఉందా? ఆ పెళ్లికి పోవాలని ఉందా? అడిగారా? కోపంతో అనడం లేదు. మా ఇంట్లోనూ మూడేళ్లు నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. అన్నీ నా మేలు కోసమే జరిగేవి, నా ఎదుటే నన్ను గురించి మాట్లాడుకునేవారు. కూర బాగాలేదని అంటే, మందు వేసుకున్నావా అని జవాబు వచ్చేది. జబ్బు తగ్గాక కూడా నాకు కోపం వచ్చే హక్కు తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది.

పని విషయంలో నాకు జరిగింది చెబుతాను. మందువల్ల పొద్దున తొమ్మిది దాటేదాకా నాకు మగత వదిలేది కాదు. అందువల్ల రెండు కొలువులు పోయాయి. మిల్లు యజమాని ఒకరు మాత్రం పదకొండింటికి వచ్చి రెండు గంటలు బస్తాలు లెక్కపెట్టి పొమ్మన్నారు. ఆయన నన్ను ఎలా ఉన్నావని ఒక్కసారి కూడా అడగలేదు, బస్తాలు ఎన్ని అని అడిగేవారు. నేను చెప్పిన లెక్కను మళ్లీ సరిచూడకుండా పుస్తకంలో రాసుకున్న రోజున నేను ఇంటికి నడిచి వెళ్లలేదు, దాదాపు పరుగెత్తాను. రెండు గంటలు నాలుగు కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. కాబట్టి ఊరినంతటినీ ఒప్పించాలని చూడకండి. పూటపనికి పిలిచే ఒక్క రైతునో, ఒక్క దుకాణదారునో వెతకండి. మధ్యాహ్నం పదిమందితో కలిసి తినడం అతనికి ఇంకా కష్టంగా ఉంటుందేమో, అన్నంమీద అనుమానం జబ్బులో భాగంగా వచ్చింది కదా. డబ్బా తెచ్చుకుని విడిగా తింటానంటే తినచ్చునని ముందే మాట్లాడి పెట్టండి.

జవాబు 4: భువనగిరి ఉపాధ్యాయురాలు

మీరు కోళ్లు కోసిన సంగతి సిగ్గుపడుతూ రాసినట్టు అనిపించింది. అలా అనుకోవద్దని చెప్పడానికే రాస్తున్నాను. మా దగ్గరి యాదగిరిగుట్ట స్వామిని వైద్య నరసింహుడంటారు. జబ్బు మనుషులను తెచ్చి మండలం పాటు కొండమీద ఉంచి ప్రదక్షిణలు చేయించే ఆచారం తరాలుగా ఉంది. జాన్‌పహాడ్ దర్గాకు కులమతాలతో పని లేకుండా జనం పోతారు. అక్కడ బిడ్డలను తెచ్చిన తల్లుల మాట వినేవారు ఉంటారు, వేళకు నిద్ర లేపుతారు, పక్కన నలుగురు ఉంటారు. దవాఖానాలో వైద్యుడికి ఒక్కో మనిషికి ఐదు నిమిషాలు కూడా దొరకవు. తప్పు గుడికి పోవడంలో లేదు, మందు మానేసి పోవడంలోనూ, కట్టి కొట్టించడంలోనూ ఉంది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఆవరణలోనే మానసిక వైద్యులు కూర్చుంటారు. దర్గాను చూసుకునే ముజావర్లే భక్తులను వారి దగ్గరికి పంపుతారు. దవా, దువా, అంటే మందు, ప్రార్థన అని ఆ ఏర్పాటుకు పేరు. మన గుట్టమీద, మన దర్గాల దగ్గర కూడా వారానికి ఒక రోజు అటువంటి వైద్యుడు ఉంటే, మీవంటి కుటుంబాలకు ఏడాదిన్నర మిగిలేది. దేవాదాయ శాఖకు, వక్ఫ్ బోర్డుకు మనమే ఈ విన్నపం పంపవచ్చు. ముసాయిదా నేను రాస్తాను, ఇక్కడివారు సంతకాలు చేస్తే చాలు.

ఇంకొకటి, మీ ఊరి బడికి పోయి ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడండి. పిచ్చోడని వెంటపడేది సాధారణంగా పిల్లలే, పెద్దలు విని ఊరుకుంటారు. మా బడిలో ఒక తరగతి పిల్లలకు ఆ మాట ఎందుకు అనకూడదో చెప్పి, ఊళ్లో అలా పిలిపించుకుంటున్న మనిషిని పేరు పెట్టి అన్నా అని పిలవమన్నాం. ఆ పిల్లల నోటినుంచి అది ఇళ్లలోకి పోయింది.

దేవరకొండ అన్న

మీ అందరికీ నమస్కారాలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. కల్లు అలవాటు లేదు, పెద్దలు అడిగినందుకు సంతోషం. దరఖాస్తు మీద మా మండలంలోని ఐదు కుటుంబాలు సంతకం చేశాయి. వాళ్లలో మూడు కుటుంబాల సంగతి మాకు ఇన్నేళ్లూ తెలియదు. దేవరకొండలో మందులు తెప్పించడానికి ప్రయత్నిస్తామన్నారు, ఇంకా రాలేదు.

మిర్యాలగూడ తమ్ముడూ, నీ మాట నాకు బాగా తగిలింది. ఆ రాత్రే అడిగాను. పత్తి చేను వద్దన్నాడు. సెంట్రింగుకు పోకముందు దేవరకొండలో ఒక దుకాణంలో బోరు మోటార్ల వైండింగు నేర్చుకున్నాడు, అది నాకు గుర్తే లేదు. ఆ దుకాణం ఇంకా ఉంది. యజమాని ముందు వెనకాడి, తరవాత సోమ, గురువారాలు మధ్యాహ్నం పంపమన్నారు. మొన్న గురువారం మొదటిసారి పోయాడు. డబ్బా తీసుకునే పోయాడు.

న్యాయవాది గారూ, ముందస్తు ఆదేశం రాయడానికి కూర్చున్నాం. అతను చెబుతుంటే నేను రాశాను. మొదటి వాక్యం, చేతులు కట్టకూడదు అని. ప్రతినిధిగా మాత్రం నన్ను కాదని అమ్మను ఎంచుకున్నాడు. అమ్మకు సంతకం రాదు, ఆమె ఒప్పుకుంటున్నట్టు కూడా కాగితం కావాలంటే వేలిముద్ర చెల్లుతుందా?